నాలుగో నంబరు

"ఈ మంచాలు నేను తీసుకోను. మళ్ళీ లారీ ఎక్కించుకోండి."

ఆ మాట అని ఇన్‌స్పెక్టరమ్మ ఊడిపోయిన మంచం కాలు తెచ్చి, ఆ మంచాలు చేయించిన కార్ఖానా ఓనరు ముందు పెట్టింది. ప్రభుత్వ ఆసుపత్రులకు సామాను కొనే గిడ్డంగి అది. నేలంతా వరసలు వరసలుగా నూట అరవై ఇనప మంచాలు. తెల్లరంగు వాసన ఇంకా పోలేదు. ఇసుక బస్తాలు వేసి పరీక్షించిన మొదటి మంచమే తలవైపు అతుకు దగ్గర కిర్రుమని విరిగింది.

ఓనరు పొద్దున్నే రైలు దిగి, మొహమైనా కడుక్కోకుండా నేరుగా వచ్చినవాడు.

"ఒక్కటి విరిగితే అన్నీ వద్దంటారా అమ్మా? ఇంట్లో ఒకడికి జలుబు చేస్తే ఊరందరికీ మందు పోస్తారా?"

"విరిగింది జలుబు చేసి కాదు. అతుకు సరిగ్గా పడక."

"నేనొక్కణ్ణే అయితే పోనీలే అనుకుందును. గొట్టాలు రేవు పట్నం నుంచి తెప్పించాం. చక్రాలు ఇంకో ఊరివి. రంగు మరో ఊరిది. ఈ ఆర్డరును నమ్ముకుని ఆ చక్రాలాయన కొత్త మిషను పెట్టి పదిమందిని పనిలోకి తీసుకున్నాడు. ఇక్కడ మీరు పెన్ను మూస్తే అక్కడ మా నాలుగూళ్ళలో పని మూతపడుతుంది."

"ఐదో ఊరు మర్చిపోయారు."

"ఏదమ్మా అది?"

"ఈ మంచం మీద పడుకునేవాళ్ళది."

ఓనరు గతుక్కుమన్నాడు. కానీ అంతదూరం వచ్చి ఊరికే తిరిగివెళ్ళే రకం కాదతను.

"అయితే ఒక్కటి చూసి చెప్పకండి. అన్నీ చూడండి. ఒక్కొక్కటీ చూసి, అప్పుడు వద్దనండి. నోరెత్తకుండా పోతాను."

మంచానికి నాలుగు చొప్పున ఆరు వందల నలభై అతుకులు. ఆ లెక్క వింటేనే ఆవిడ వెనక్కి తగ్గుతుందని అతని ధీమా.

"సరే" అంది ఇన్‌స్పెక్టరమ్మ. చీర కొంగు బొడ్లో దోపి, చిన్న సుత్తీ సుద్దముక్కా పట్టుకుని మొదటి వరసలోకి నడిచింది.

గట్టి అతుకు మీద సుత్తి పడితే ఖంగుమంటుంది. లోపమున్న అతుకు పగిలిన కుండలా మూలుగుతుంది. ఖంగుమంటే ముందుకు, మూలిగితే సుద్దతో గీత. ఓనరు మొదట కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని చూశాడు. పదో మంచం దగ్గర కాలు దించాడు. ఇరవయ్యో మంచం దగ్గర లేచి వచ్చి, ఆవిడకు అందేలా మంచాలు తిప్పిపెట్టడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం ఆవిడ టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. అతనూ టీకి వెళ్ళలేదు.

సాయంత్రం చివరి మంచం దగ్గర ఆవిడ నడుం నిటారు చేసుకుంది.

"ప్రతి మంచం కాలి మీదా ఒక అంకె కొట్టి ఉంది. ఏంటది?"

"అతికినవాడి నంబరు. మా దగ్గర నలుగురు వెల్డర్లు."

"ఒకటి, రెండు, మూడు... ఒక్కటీ వంక పెట్టడానికి లేదు. సుద్ద గీతలన్నీ నాలుగో నంబరు మీదే."

ఓనరు పకపకా నవ్వేశాడు. "ఇక్కడ మీరు పొరబడ్డారు. నాలుగో నంబరంటే మా పెద్దాయన. మిగతా ముగ్గురికీ చెయ్యి పట్టుకుని పని నేర్పిందే ఆయన!"

"వంగి చూడండి."

ఓనరు కళ్ళజోడు తగిలించుకుని వంగాడు. నవ్వు ఆగిపోయింది. అతుకు కుట్టు వేసినట్టు నున్నగా, తీరుగా ఉంది. పడాల్సిన చోట మాత్రం పడలేదు. వడ్లగింజంత కుడికి జరిగింది. పక్క మంచం చూశాడు. అదీ అంతే. దాని పక్కదీ అంతే.

ఇన్‌స్పెక్టరమ్మ బల్ల దగ్గర కూర్చుని కాగితం రాసింది. "నూట ఇరవై తీసుకుంటున్నాను. నాలుగో నంబరువి నలభై వెనక్కి. పదిహేను రోజుల్లో బాగుచేసి పంపండి."

"బతికించారు తల్లీ. చక్రాలాయన పని ఆగదు, నా పనీ ఆగదు." ఓనరు కాగితం అందుకున్నాడు. అంతలోనే మొహం ఎర్రబడింది. "ఊళ్ళో కాలు పెట్టగానే ముందా పెద్దాయన్ని ఇంటికి పంపేస్తాను. పరాయి ఊళ్ళో నా పరువు తీశాడు."

"పంపకండి."

"తప్పు పట్టింది మీరే కదమ్మా!"

"ఇలాంటివే మళ్ళీ తెచ్చినా మళ్ళీ తప్పు పడతాను. కానీ ఆ అతుకు చూశారుగా, చెయ్యి ఎక్కడా తొణకలేదు. తప్పు చేతిది కాదు, కంటిది. పొర కమ్మి ఉంటుంది. డాక్టరుకి చూపించండి. చూపు బాగయ్యాక ఆయన చేసినవి పంపండి. వాటినీ ఇలాగే ఒక్కొక్కటీ సుత్తితో కొట్టి చూస్తాను."

ఓనరు తల గోక్కున్నాడు. "ఇనప అతుకు చూసి కంటి జబ్బు చెప్పేస్తున్నారే! మనిషిని చూడకుండా అంత గట్టిగా ఎలా అనగలరు?"

ఇన్‌స్పెక్టరమ్మ చేతులకంటిన సుద్దపొడి దులుపుకుంది.

"పోయినవారం ఫోన్లో అడిగితే, 'నా కళ్ళకేం, సూదిలో దారం ఎక్కిస్తా' అని కసిరాడు. నేను చెబితే వినడండీ. మీరు చెబితే వింటాడు, మా నాన్న."