లక్ష్మణమ్మ మీద రాయి

“నాను లెగను బాబూ,” అన్నాడు అసిరయ్య, లక్ష్మణమ్మ సమాధి మీద బాసింపట్టు వేసుకు కూర్చుని.

సమాధి పక్కనే ఎడ్లు విప్పిన బండి ఆగి ఉంది. బండిలో మంచమంత నల్లరాతి పలక. దాన్ని విజయనగరంలో చెక్కించి, బొబ్బిలి దాకా లారీలోనూ, అక్కణ్ణించి బండి మీదా తెప్పించాడు నరసింగరావు. ఆయన లక్ష్మణమ్మ భర్త, చర్చి సంఘపెద్ద, బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైనవాడు. తెల్లారితే పందొమ్మిదివందల అరవై ఎనిమిదో సంవత్సరపు ఈస్టరు. సంఘమంతా కొవ్వొత్తులు పట్టుకుని ఈ సమాధుల తోటకే వస్తుంది. ఆ పాటికి భార్య మీద రాయి ఉండి తీరాలని ఆయన పంతం. ఉండకూడదని గోతులు తవ్వే అసిరయ్య పంతం.

రాయి దించడానికి సంఘంలోంచి వచ్చిన ఎనిమిది మందికి ఏ పంతమూ లేదు. చుట్టలు ముట్టించి నీడన కూర్చున్నారు.

కబురందుకున్న పాస్టరు జగన్నాధం సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. ఆయన ఈ ఊరికొచ్చి రెండు నెలలైంది. ఇక్కడ చేసిన మొదటి భూస్థాపన లక్ష్మణమ్మదే.

“ఏమిటయ్యా ఇది? సమాధి మీద కూర్చోవడం మర్యాదేనా?”

“మరి రాయెడతారట అయ్యగారూ! అమ్మ ఎలాగ లెగుస్తాది?”

పాస్టరు నరసింగరావు వైపు చూశాడు. నరసింగరావు ఆకాశం వైపు చూశాడు.

“పోయే ముందు దినం అమ్మ నన్ను పిలిసినాది,” అన్నాడు అసిరయ్య. “అసిరీ, నాను మళ్ళీ లెగవాల, నా మీద ఏ బరువూ ఎట్టనీకు అని సేతిలో సెయ్యేయించుకున్నాది. పాతికేళ్ళు ఆ సేతి అంబలి తాగేను. అందుకే మూడడుగులే తవ్వేను. మట్టి కూడా గట్టిగా తొక్కనేదు. ఇప్పుడు రాయేస్తే నా మాటేటవుతాది?”

“మూడడుగులేనా!” నరసింగరావు అదిరిపడ్డాడు. “ఆరడుగులని చెప్పేను కదరా!”

“ఆరడుగులైతే అమ్మకి ఆయాసం బాబూ.”

చుట్ట కాలుస్తున్నవాళ్ళలో ఒకడు “అదీ నిజవే,” అన్నాడు. లక్ష్మణమ్మ ఉబ్బసం ఊరందరికీ తెలుసు.

పాస్టరు గొంతు సవరించుకున్నాడు. రేపటి ప్రసంగం ఎలాగూ జేబులోనే ఉంది.

“చూడు అసిరయ్యా. ప్రభువు సమాధికీ రాయి పెట్టారు. అయినా చావు ఆయన్ని పట్టి ఉంచలేకపోయింది. ఆయన లేచాడు కాబట్టే మనమూ లేస్తాం. రాయి అడ్డమా?”

“పెబువుకేటండి, ముప్పై మూడేళ్ళ వయసు, వడ్రంగం సేసిన ఒళ్ళు. పైగా దేవదూతొచ్చి రాయి దొల్లించినాడు.”

“ఆ రాయి దొర్లించింది ఆయన బయటికి రావడానికి కాదయ్యా. ఖాళీ సమాధి మనం చూడ్డానికి.”

అసిరయ్య బండిలోని రాయికేసి చూశాడు.

“మరి అమ్మది మనం సూడొద్దేటి? ఈ రాయికి ఎనమండుగురు కావాల. ఆ దినం ఈ ఎనమండుగురూ ఎవుడి గోతిలోంచి ఆడు లెగిసే పనిలో ఉంటారు. ఎత్తేదెవుడు?”

ఎనిమిది మందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పాస్టరు చదివిన నాలుగేళ్ళ చదువులో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు.

“పోనీ, రాతి మీద ఏటి సెక్కేరో సదవండి,” అన్నాడు అసిరయ్య.

పాస్టరు బండిలోకి వంగి చదివాడు. “పునరుత్థానము కొరకు కనిపెట్టుచు నిద్రించుచున్నది.”

“అంటే?”

“లేచే రోజు కోసం ఎదురుచూస్తూ నిద్రపోతోంది అని.”

“లెగుస్తాదని రాసి, లెగకుండా రాయెడతారేటండీ!”

నరసింగరావుకి ఒళ్ళు మండిపోయింది. “ఒరే ఎర్రి ఎదవా! చచ్చినోళ్ళు లెగుస్తారేటిరా!”

చుట్టలు నోటి దాకా వెళ్ళి ఆగిపోయాయి. పాతికేళ్ళుగా ప్రతి ఈస్టరుకీ మొదటి ప్రార్థన చేసేది ఆ నోరే. తన మాట తనకే వినబడి నరసింగరావు మొహం వాడిపోయింది. మెల్లిగా బండి నొగ మీద కూలబడ్డాడు.

“నలభై రోజులైంది అయ్యగారూ,” అన్నాడు. “రోజూ ఇక్కడికొచ్చి నిలబడతాను. పిలుస్తాను. ఏమీ లేదు. ఇంక రాదు కదా, రాయైనా ఉండనీ అనుకున్నాను.”

భూస్థాపన రోజు కంట తడి పెట్టని మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. పాస్టరు వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“బాబూ,” అన్నాడు అసిరయ్య సమాధి మీంచి. “అమ్మ ఎప్పుడైనా మాట తప్పినాదేటి? లెగుస్తానన్నాది. లెగుస్తాది.”

నరసింగరావు కండువాతో కళ్ళు తుడుచుకుని లేచాడు.

“రాయి మీద పెట్టొద్దర్రా. తలవైపు నిలబెట్టండి.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “ఒరే అసిరీ, నాక్కూడా మూడడుగులే.”

ఎనిమిది మందీ రాయి నిలబెట్టి, బండి తోలుకుని వెళ్ళిపోయారు. పాస్టరు మాత్రం కదల్లేదు. జేబులోంచి ప్రసంగం తీసి ఒకసారి చూసుకుని, సిగ్గుపడి మళ్ళీ మడిచేశాడు.

“అసిరయ్యా, రేపు నేను ప్రసంగం చెయ్యను. నువ్వే ముందుకొచ్చి అందరికీ సాక్ష్యం చెప్పాలి. ఇంత విశ్వాసం నేను సంఘంలో ఇంకెవరిలోనూ చూడలేదు.”

అసిరయ్య గునపం భుజాన వేసుకుని, ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

“నాను మీ మతం కాదు గదా అయ్యగారూ.”