ఇంజన్‌కు గాలి పట్టింది

రాకెట్ ఇంజన్ల పరిశోధన విభాగానికి నేను మేనేజర్‌నైన వారానికే, పెనుబల్లి దగ్గర మా చిన్నాయన దూలయ్య డీజిల్ ఇంజన్ ఆగిపోయింది. వాగు నీళ్లు పారక నారుమడి ఎండుతున్నది.

"శ్యామలా, నువ్వు వచ్చినంక నాకేం రంది," అన్నడు.

పదేండ్లుగా నేను ముట్టింది ఫైళ్లే. అయినా హోదాకు తగ్గట్టు ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగిన. "చివరి సర్వీస్ ఎప్పుడు చేయించినవు? రికార్డు ఉన్నదా? ముందు కారణాలన్నీ రాసుకోవాలె," అన్న.

"రాసుకో. గాలి పట్టింది."

ఆయన స్పానర్‌తో డీజిల్ పైపు నట్టు వదులు చేసి, బుడగలు పోయేదాక కారనిచ్చి, మళ్లీ బిగించిండు. హ్యాండిల్ తిప్పితే ఇంజన్ అందుకున్నది. నేనింకా రెండో కారణం దగ్గరే ఉన్న.

"నీ చిన్నప్పుడు ఇదే చూపిస్తే, బుడగలెందుకొస్తయని వారం రోజులు నన్ను నిద్రపోనియ్యలే. యాదికున్నదా?"

ఎందుకుండదు. రాకెట్ ఇంధనం పైపుల్లో బుడగల మీదే నా పీహెచ్‌డీ. థీసిస్‌ల మా గైడ్ సారుకు, వాళ్ల మేడంకు, ఆమె పంపిన పులిహోరకు కృతజ్ఞతలు చెప్పేసరికే మొదటి పేజీ నిండింది.