మూడో వరుస మనిషి

“నువ్వేనన్నమాట! జోకు చెప్పడం, ఈ మూడో వరుసకేసి చూడడం. మా ఆయన వేషాలన్నీ ఇంట్లో టీవీలో చూస్తూనే ఉన్నా,” అంది థెల్మా.

హాజెల్ ఒళ్లో రుమాలు నలిపింది. న్యూయార్క్ టీవీ స్టూడియోలో థెల్మా భర్త బార్నీ హాస్య కార్యక్రమం కాసేపట్లో మొదలవుతుంది.

“మెల్లగా అనండి. ఈ కార్యక్రమానికి డబ్బు పెట్టే సబ్బుల కంపెనీవాళ్లు ముందు వరుసలోనే కూర్చున్నారు. వింటే ఆయన్ని తీసేస్తారు.”

“విననీ! ఎవరు నువ్వు?”

“ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే రోజుల్లో ఆయన పక్కన పియానో వాయించేదాన్ని.”

“పాత పరిచయమా! ఆ రుమాలేమిటి, సైగలకా?”

“సైగకే. జనం నవ్వుతున్నంతసేపూ ఎత్తి పట్టుకుని, ఆపగానే దించుతాను. అప్పుడాయన తర్వాతి మాట అందుకుంటాడు.”

“అదేం, ఆయనకి చెవుల్లేవా?”

హాజెల్ తన చెవి తాకి, వినబడదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

థెల్మా పక్క కుర్చీలో కూలబడింది. నెలల తరబడి ఆవిడ వంటింట్లోంచి ఎంత నిలదీసినా, బార్నీ తలెత్తకుండా సూపు తాగేవాడు. తప్పు చేసినవాడు కాబట్టే నోరెత్తడం లేదనుకుంది.

“నీకు చెప్పినవాడు నాకెందుకు చెప్పలేదు?”

“‘నా భార్య నవ్వు నాకు వినబడడం లేదని ఆవిడకే ఎలా చెప్పను?’ అన్నాడు.”

దీపాలు వెలిగాయి. బార్నీ వచ్చి, మొదటి జోకు చెప్పి, అలవాటుగా ఇటు చూశాడు. భార్యను చూసి కొయ్యబారిపోయాడు. హాజెల్ రుమాలు దించినా తర్వాతి మాట అందుకోలేదు. ముందు వరుసలో ఎవరో గుసగుసలాడారు.

థెల్మా లేచి నిలబడింది. నోరంతా తెరిచి, భుజాలు ఎగరేస్తూ, ఆయన కళ్లకు కనబడేలా నవ్వింది.