ఆచారి ఊపిరి

ప్రొద్దుటూరులో ఇప్పుడు ఇంటికో వైద్యుడున్నాడు. దేవుడి పటం పక్కన గోడకు బిగించిన చిన్న పెట్టె అది. దాని గొట్టంలో ఊదితే చాలు, ఒంట్లో ఎలా ఉందో చెప్పేస్తుంది. ఎర్ర దీపం వెలిగితేనే మనిషి డాక్టరు చూస్తాడు.

కంసాలి మౌనాచారికి ఎడమ ఊపిరితిత్తి సగం కోసి తీసేసి నాలుగు నెలలయింది. పెరట్లోంచి వంటింటికి రావాలంటే మధ్యలో రెండుసార్లు గోడ పట్టుకోవాలి. అయినా గొట్టం పెదవులకు తగిలిందంటే, నలభై ఏళ్లు ఊదుగొట్టంతో మంట ఊది బంగారం అతికిన అలవాటు ఊరుకోదు. బుగ్గల నిండా గాలి నిలుపుకుని, ముక్కుతో కొంచెం కొంచెం పీల్చుకుంటూ, సన్నగా, తెగకుండా ఊదేస్తాడు.

"భేష్ ఆచారిగారూ! పాతికేళ్ల కుర్రాడి ఊపిరి మీది. ఆయాసమంతా మీ మనసులోదే. ధ్యానం చేయండి," అంది పెట్టె. ఆకుపచ్చ దీపం వెలిగింది.

"బుగ్గలతో ఊదొద్దండీ," అంది భార్య కాళికమ్మ ఏడుపు గొంతుతో. "ఎదలోనుంచి ఊదండి. ఊపిరి ల్యాదని దానికి తెలియాల కదా!"

ఈసారి ఆమే రెండు అరచేతులతో ఆయన బుగ్గలు నొక్కి పట్టుకుంది. దీపపు మంటను కూడా వంచలేనంత కొద్ది గాలి గొట్టంలోకి పోయింది. ఇద్దరూ ఆశగా పెట్టెవైపు చూశారు.

"మీరు సరిగా ఊదలేదు," అంది పెట్టె. "ఫరవాలేదు, ఇందాకటి ఊపిరే రాసుకుంటున్నాను."

ఆకుపచ్చ దీపం మళ్లీ వెలిగింది. ఆచారి దాన్ని తిట్టబోయాడు. తిట్టడానికి ఊపిరి చాలలేదు.