ఫ్లెక్సులో అక్క

"పెదాలకు ఉండే ఆ నలుపు తీసెయ్ తంబీ," అన్నాడు సుందరరాజులు.

కంప్యూటరు ముందు కూర్చున్న నటరాజ్ తల తిప్పకుండా మౌస్ కదిపాడు. తెర మీద భవ్యశ్రీ ముఖం పెద్దదైంది. నల్ల లిప్‌స్టిక్. కళ్ళ చుట్టూ దట్టంగా కాటుక. మెడకు అతుక్కుని ఒక నల్ల పట్టీ, దానికి వేలాడుతూ వెండి గబ్బిలం.

తిరుత్తణి బస్టాండు ఎదురుగా ఉన్న ఆ ఫ్లెక్స్ అంగట్లో తండ్రి సుందరరాజులు వెనకాలే నిలబడి ఉంది నిత్య. ఫోటో ఆ పిల్ల ఫోనులోంచి తీసిందే. అక్క భవ్యశ్రీ ఫోటోలు అందులో నూటికి పైగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ చీర లేదు.

"ఉండనీ నాయనా. అక్కకు అట్లనే ఇష్టం."

నిత్య గొంతు ఎప్పుడూ పెద్దగా లేవదు. అయినా ఆయనకు వినపడింది.

"ఆరడుగుల బోర్డు. రోడ్డు మీద కడతారు. మింజూరు నుంచి మీ మామోళ్ళు, ఆరంబాక్కం నుంచి చిన్నాయనోళ్ళు, అందరూ బయల్దేరినారు. ఈ ఒక్కరోజన్నా నా బిడ్డను చూసి ఎవురూ నవ్వకూడదు."

నవ్వడం నిత్య కూడా చూసింది. అక్క మద్రాసు కాలేజీ నుంచి వారానికొకసారి వచ్చేది. ఎలక్ట్రిక్ రైలు తిరువళ్ళూరు దాటేలోపే ఎదురు సీటులోని ఆడవాళ్ళు లేచి వేరేచోట సర్దుకునేవాళ్ళు. బస్సు దిగితే వీధి పిల్లకాయలు దయ్యమొచ్చె, దయ్యమొచ్చె అని ఇంటిదాకా వెంటబడేవాళ్ళు. మేనత్త రుక్మిణమ్మ అయితే, నేను దీపం పెట్టేటప్పుడు ఎదురు రావద్దని మొహం మీదే చెప్పింది.

అక్క ఎవరినీ ఏమీ అనేది కాదు. ఒకసారి మాత్రం అద్దం ముందు కూర్చుని, "దీన్ని గోత్ అంటారు నిత్యా. ఇది వేసుకున్నరోజే అద్దంలో ఉండేది నేనే అనిపిస్తాది," అంది.

రేషన్ కార్డు లామినేషన్ కోసం కాచుకున్న ముసలామె ఒకతె తెరవైపు తొంగిచూసింది.

"ఏంది సామీ ఇది, మారువేషాల పోటీనా? నా మనవడు చూస్తే జ్వరమొస్తాది."

నటరాజ్ చేయి ఆగింది.

"మా పెద్దపాపమ్మా," అన్నాడు సుందరరాజులు.

ముసలామె నాలుక కరుచుకుంది. "తప్పుగా అనుకోవద్దయ్యా. ఈ కాలం పిల్లోళ్ళు అంతే. మెడలో తాళి పడితే అన్నీ అవే సర్దుకుంటాయిలే."

ఆయన ఆమెకేసి చూడలేదు.

నటరాజ్ పట్టుచీరల ఫోల్డరు తెరిచాడు. తలలు లేని ఆడవాళ్ళు వరసగా వచ్చి నిలబడ్డారు. ఒకామె చేతులు కట్టుకుని ఉంది. ఒకామె దండం పెడుతోంది.

"ఏ రంగన్నా?"

"మెరూన్. జరీ అంచుది."

భవ్యశ్రీ తలను కత్తిరించి మెరూన్ చీర మీద పెట్టాడు. మెడ అతకలేదు. అతుకు కనపడకుండా ఒక కాసులపేరు వేశాడు. గబ్బిలం దానికింద ఎటో పోయింది. పెదాలు గులాబీ రంగుకు తిరిగాయి. నుదుట బొట్టు వచ్చింది. చెవి పక్కన మల్లెపూలు వచ్చాయి.

"కొంచెం తెల్లగా చేసేదా అన్నా?"

"చెయ్."

నిత్య ఫోను మోగింది. రుక్మిణమ్మ.

"నిత్యా, వచ్చేటప్పుడు గోళ్ళ రంగు తీసే మందు తీసుకరా. ఎంత రుద్దినా ఆ నలుపు పోవడంల్యా. చీర కట్టేసినాం, చేతులు చూస్తే అట్ల ఉండాది."

"అమ్మ ఏం చేస్తా ఉంది అత్తా?"

"మీ అక్క పక్కనే కూర్చోనుంది. కాఫీ ఇస్తే ముట్టల్యా. షామియానా వాళ్ళు వచ్చేసినారు, బిరీన రాండి."

గోళ్ళన్నా అట్లనే వదిలేయండి అత్తా అని చెప్పాలనుకుంది నిత్య. సరే అని ఫోను పెట్టేసింది.

తలెత్తేసరికి నటరాజ్ కళ్ళ దగ్గరికి వచ్చాడు. ఎడమ కంటి చివర కాటుక అప్పుడే సగం చెరిగిపోయింది.

"కళ్ళు వద్దు."

ఈసారి అంగట్లో అందరికీ వినపడింది. ముసలామె కూడా తిరిగి చూసింది. అయినా నిత్య ఆగలేదు.

"కళ్ళన్నా ఉండనీ నాయనా. అవి కూడా తీసేస్తే ఆడుండేది ఎవురో నాకు తెలీదు."

సుందరరాజులు తెరవైపు చూశాడు. మెరూన్ చీరలో ఒక తెల్లటి పిల్ల కూర్చుని ఉంది. తమ ఇంటి పోలిక ఆ పిల్లలో ఎక్కడా లేదు. కండువా అంచు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"కాటికే గదా," అన్నాడు చివరికి. "ఉండనీ."

అక్క వేసుకున్న దేన్నైనా ఆయన ఉండనీ అనడం నిత్య వినడం అదే మొదటిసారి.

నటరాజ్ చెరిపిన కాటుకను తిరిగి తెచ్చాడు. కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. తమిళంలో పేరు కొట్టాడు, ఊరు కొట్టాడు, నిత్యను అడిగి పుట్టిన తేదీ కొట్టాడు.

ఆ తర్వాత తెర మీదినుంచి చూపు తిప్పకుండానే, "మరణం అనే చోట నిన్నటి తేదీ వేసేదా అన్నా, ఈరోజుదా?" అని అడిగాడు.