గొంతుపట్టీ తీసిన పాఠం

గొంతుకు పట్టీ కట్టుకుంటే ఎవరి నోటైనా చక్కని ఇంగ్లీషు పలికే రోజులు వచ్చాక, కాకినాడలో సోమయాజులు మాస్టారి ఉచ్చారణ తరగతికి జరీనా ఒక్కతే మిగిలింది. ఆమెకు ఓడలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఉప్పునీళ్లు తగిలితే పట్టీ మూగబోతుందని, సొంత గొంతుతోనే నేర్చుకుంటానని పట్టుబట్టింది.

మాస్టారు పాత నిఘంటువు తెరిచి, మాట పక్కనున్న చిన్న నిలువు గీతను చూపించేవారు. గీత వచ్చినచోట స్కేలుతో బల్ల మీద ఒక్క దెబ్బ వేయాలి, గొంతు అక్కడ లేవాలి. అదీ ఆయన పద్ధతి.

"ఒక్కసారి మీరు పట్టీ తీసి చెప్పండి మాస్టారూ. మీ గొంతు వినాలనుందండి," అందామె ఆ రోజు.

మాస్టారి చెయ్యి మెడలోని పట్టీ మీదికి వెళ్లి ఆగింది. తన ఉచ్చారణకు పిల్లలు నవ్వుతారని, ఇరవై ఏళ్ల కిందట పట్టీలు కొత్తగా వచ్చినప్పుడే తగిలించుకున్నది అది. చివరికి దాన్ని విప్పి, "ఎమర్జెన్సీ" అన్నారు. మాట తడబడి, గీత దాటి ఎక్కడో కూలబడింది. ఆయన తల దించుకుని పుస్తకం మూసేయబోయారు.

జరీనా నవ్వలేదు. నిఘంటువును ఆయన వైపు తిప్పి, గీత మీద వేలుంచి, స్కేలు అందుకుంది.

"ఇక్కడండి మాస్టారూ," అంటూ బల్ల మీద మెల్లగా ఒక దెబ్బ వేసింది. "మళ్లీ అనండి."