బెల్టు చూపిన వేగం

"దొంగపరుగు పెడుతున్నావు," అంది కోచ్ ఆలిస్, గ్రౌండులో అందరి ముందూ.

నీలవేణి ఇంకా రొప్పుతోంది. "లేదు దీదీ. ఉన్న బలమంతా పెట్టీసినాను."

"మిషన్ అబద్ధం ఆడదు. రేపట్నుంచి రాకు." వేగం కొలిచే సెన్సర్ బెల్టును ఆలిస్ తనే ఆమె ఒంటి మీంచి విప్పేసింది.

జిల్లా జట్టులో నీలవేణి చోటు ఇంకో అమ్మాయికి వెళ్ళింది. ఆ అమ్మాయి అదే బెల్టు కట్టుకోగానే ఆమె వేగమూ పడిపోయింది. ఆలిస్‌కి అనుమానం వచ్చింది. ఆ అమ్మాయికే ఆ బెల్టుతో పాటు ఇంకో బెల్టు కూడా కట్టి పరిగెత్తించింది. పరుగు ఒకటే, వేగాలు రెండు. ఎన్నిసార్లు చూసినా తక్కువ చూపింది నీలవేణి కట్టుకున్న బెల్టే.

ఆ సాయంత్రమే ఆలిస్, పూరీ గేట్ పేటలో ఉన్న నీలవేణి వాళ్ళింటికి బయలుదేరింది. క్షమించమని ఎలా అడగాలో దారంతా మాటలు కూర్చుకుంది.

గుమ్మంలోనే నీలవేణి తల్లి ఎదురొచ్చి ఆమె చేతులు పట్టుకుంది.

"ముఖం సెల్లక మీ కాడికి రానేదు మేడమ్. పరుగంటే ఇసుగొచ్చి మా పిల్ల తనకి తానే మానీసినాదంట. మీరెంత బతిమాలినా ఇన్నేదంట కదా. మీతో మాటాడతానంటే, దీదీ తప్పేటీ లేదని నన్ను కదలనివ్వనేదు. ఒళ్ళు మండి కొట్టినాను కూడాను. దాన్ని మన్నించీయండి."

తల్లి వెనక నిలబడ్డ నీలవేణి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.



"ఆ దెబ్బలు నాకు తగలాల్సినవమ్మా," అంది ఆలిస్.